వైజాగ్ కంటైనర్ కొలంబో ఎందుకు వెళ్తుంది? భారత్, శ్రీలంక షిప్పింగ్ కనెక్టివిటీ లెక్క

ఈ ఎపిసోడ్‌కి కారణం నాకు వచ్చిన ఒక వాట్సాప్ స్క్రీన్‌షాట్. నా క్లాస్‌మేట్ ఒకడు వైజాగ్‌లో రొయ్యలు ఎక్స్‌పోర్ట్ చేసే ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తాడు. ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్లు, హెల్త్ సర్టిఫికెట్, అన్నీ వాడి టేబుల్ మీద నుంచే వెళ్ళాలి. ఒక రోజు రాత్రి పదకొండింటికి కంటైనర్ ట్రాకింగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పంపించాడు. కింద ఒకే ఒక్క లైన్: "ఒరేయ్, మా పెట్టె తొమ్మిది రోజుల నుంచి కొలంబోలోనే కూర్చుంది రా."

ఓపెన్ చేసి చూశాను. పై లైన్లో విశాఖపట్నం, లోడ్ అయింది. చివరి లైన్లో యూరప్‌లో ఒక పోర్టు. మధ్యలో కొలంబో, దిగింది. అంతే, అక్కడి నుంచి కదల్లేదు. ఏం జరిగిందంటే, సముద్రం బాగోక ఇక్కడి నుంచి వెళ్ళిన చిన్న షిప్ రెండు రోజులు ఆలస్యంగా చేరింది. అక్కడ ఎక్కాల్సిన పెద్ద షిప్ అప్పటికే వెళ్ళిపోయింది. తర్వాతి షిప్ మళ్ళీ వారానికి. దాన్లో కూడా చోటు దొరకాలి.

లోపలున్నవి ఫ్రోజెన్ రొయ్యలు. పెట్టెకి కరెంట్ ప్లగ్ పెట్టి ఉంచుతారు కాబట్టి పాడవ్వవు. కానీ అక్కడ కొన్నవాడు ఎదురు చూస్తున్నాడు. సరుకు చేరకపోతే డబ్బు రాదు. డబ్బు రాకపోతే ఇక్కడ చెరువుల వాళ్ళకి ఇవ్వాల్సింది ఆగుతుంది. ఎక్కడో కొలంబోలో ఒక షిప్ మిస్ అయితే భీమవరం పక్కన ఒక రైతు మేత కొట్టు దగ్గర మళ్ళీ అప్పు రాయించుకోవాలి.

నేను వాడిని అడిగాను. "అది సరే గానీ, వైజాగ్ పెట్టె అసలు కొలంబో ఎందుకెళ్ళింది? మనది అంత పెద్ద దేశం కదా, వాళ్ళ దగ్గరికి మనం వెళ్ళడం ఏంటి?" వాడు నవ్వి, "బస్సు మారేది అక్కడే కదరా" అన్నాడు.

ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట గురించే. ప్రపంచ కంటైనర్ షిప్పులతో ఏ దేశం ఎంత బాగా కలిసి ఉంది? దాన్ని ఎలా కొలుస్తారు? కొలిస్తే భారత్, శ్రీలంక ఎక్కడ నిలబడతాయి? ఆ స్కోరు వల్ల మనకి ఒరిగేదేంటి?

పెట్టె ప్రయాణం ఎలా ఉంటుంది?

ముందు బేసిక్స్ చెప్పేసుకుందాం. కంటైనర్ అంటే మీరు హైవే మీద ట్రైలర్ లారీల పైన చూసే ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికన్ లారీ వ్యాపారి 58 పెట్టెల్ని ఒక షిప్ మీద న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ పంపించాడు. ఈ కథ అక్కడ మొదలైంది. అంతకు ముందు బస్తా బస్తా మోసి ఎక్కించేవాళ్ళు, మళ్ళీ బస్తా బస్తా దించేవాళ్ళు. ఇప్పుడు పెట్టె తెరవకుండా క్రేన్‌తో ఎత్తి లారీ మీద నుంచి షిప్ మీదకి, ఒక షిప్ మీద నుంచి ఇంకో షిప్ మీదకి మార్చేయొచ్చు. లెక్క కూడా పెట్టెల్లోనే ఉంటుంది. 20 అడుగుల పెట్టె ఒకటైతే ఒక టీఈయూ. 40 అడుగులదైతే రెండు.

పెట్టె తెరవకుండా మార్చొచ్చు కాబట్టే 'ట్రాన్స్‌షిప్‌మెంట్' అనే పద్ధతి పెరిగింది. ప్రపంచం చుట్టూ తిరిగే పెద్ద షిప్పుల్ని మదర్ వెసెల్స్ అంటారు. వాటిలో బాగా పెద్దవి 24,000 టీఈయూలు మోస్తాయి, పొడవు 400 మీటర్లు. అంత పెద్ద షిప్ ప్రతి ఊళ్ళో ఆగితే గిట్టుబాటు కాదు. అందుకని కొన్ని పెద్ద పోర్టుల్లో మాత్రమే ఆగుతుంది. చుట్టుపక్కల పోర్టుల నుంచి చిన్న షిప్పులు పెట్టెల్ని తెచ్చి అక్కడ అందిస్తాయి. వీటిని ఫీడర్ షిప్పులు అంటారు.

మన భాషలో చెప్పాలంటే, మదర్ వెసెల్ దూరం వెళ్ళే సూపర్‌ఫాస్ట్ రైలు, ఫీడర్ ప్యాసింజర్ బండి, రెండూ కలిసేది జంక్షన్. ఇప్పుడు గుంతకల్ గుర్తు తెచ్చుకోండి. ఊరు అనంతపురం కన్నా చిన్నది. కానీ గుంతకల్ స్టేషన్లో నిలబడితే ముంబై, చెన్నై, బెంగళూరు, హుబ్బళ్ళి, సికింద్రాబాద్, ఏ వైపైనా రైలు దొరుకుతుంది. ఊరి జనాభాకీ స్టేషన్‌కీ సంబంధం లేదు. పట్టాలు ఎక్కడ కలుస్తున్నాయో అదే ముఖ్యం. సముద్రం మీద కొలంబో మనకి గుంతకల్ లాంటిది.

స్కోరు ఎలా వేస్తారు?

ఐక్యరాజ్య సమితిలో వాణిజ్యం, అభివృద్ధి చూసే విభాగం ఒకటుంది. పేరు అంక్టాడ్. వాళ్ళు 2004 నుంచి దేశాలకి ఒక స్కోరు ఇస్తున్నారు. లైనర్ షిప్పింగ్ కనెక్టివిటీ ఇండెక్స్ అంటారు. లైనర్ అంటే టైమ్‌టేబుల్ ప్రకారం ఒకే రూట్లో తిరిగే షిప్ సర్వీస్, మన ఆర్టీసీ బస్సు లాగా.

ఈ స్కోరులో ఆరు విషయాలు చూస్తారు. మీ ఊరి బస్టాండ్ ఎంత మంచిదో తేల్చాలంటే మీరేం చూస్తారో ఆలోచించండి, ఇంచుమించు అవే.

ఒకటి, వారానికి ఎన్ని షిప్పులు వచ్చి ఆగుతున్నాయి. రెండు, ఆ షిప్పులన్నింటిలో కలిపి ఎన్ని పెట్టెలు పడతాయి. బస్సుల్లో మొత్తం సీట్లు ఎన్ని అన్నట్టు. మూడు, ఎన్ని సర్వీసులు, అంటే ఎన్ని రూట్లు. నాలుగు, ఎన్ని కంపెనీలు నడుపుతున్నాయి. ఒక్క ట్రావెల్స్ మాత్రమే ఉంటే సంక్రాంతికి టికెట్ రేటు ఏమవుతుందో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. ఐదు, అన్నింటికన్నా పెద్ద షిప్పులు నడిపే సర్వీసులో షిప్పుల సగటు సైజు ఎంత. ఆరు, షిప్ మారకుండా నేరుగా ఎన్ని దేశాలకి వెళ్ళొచ్చు. ఈ ఆరోది 2019లో కలిపారు. అంతకు ముందు ఐదే ఉండేవి.

ఒక జాగ్రత్త. ఈ ఫార్ములా మధ్యలో మారింది. 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి. కాబట్టి ఎవరైనా సోషల్ మీడియాలో పాత స్కోరు పక్కన కొత్త స్కోరు పెట్టి "చూశారా, ఎంత పెరిగామో" అంటే వెంటనే షేర్ చేసేయకండి. ఒకే ఫార్ములాతో వేసిన అంకెల్ని, ఒకే ఏడాదివి, పక్కపక్కన పెట్టి చూడాలి.

అలా చూద్దాం. పాత ఫార్ములాలో 2004లో అందరికన్నా ముందున్న దేశానికి, అంటే చైనాకి, 100 ఇచ్చి లెక్క మొదలుపెట్టారు. దాని ప్రకారం 2018లో చైనా 180 దాటిపోయింది. శ్రీలంక సుమారు 72. భారత్ సుమారు 60.

ఇంకోసారి చెప్తాను. శ్రీలంక జనాభా రెండు కోట్ల చిల్లర, మన ఆంధ్రప్రదేశ్ జనాభాలో సగం కూడా లేదు. మనది 130 కోట్ల పైన. వాళ్ళు 72, మనం 60. ఈ తమాషా అర్థం కావాలంటే స్కోరు పక్కన పెట్టి మ్యాప్ చూడాలి.

మ్యాప్ ఓపెన్ చేయండి

ఫోన్ చేతిలోనే ఉంది కదా. మెరైన్ ట్రాఫిక్ అనే యాప్ కానీ, వాళ్ళ వెబ్‌సైట్ కానీ తెరవండి. శ్రీలంక కింద, దక్షిణం కొస దగ్గర జూమ్ చేయండి. షిప్పుల గుర్తులు చీమల బారులా కనిపిస్తాయి. సూయెజ్ కాలువ వైపు నుంచి సింగపూర్, చైనా వైపు వెళ్ళేవి, అటు నుంచి ఇటు వచ్చేవి, అన్నీ ఆ కొసని ఆనుకునే వెళ్తాయి. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే సముద్ర దారుల్లో అదొకటి.

ఇప్పుడు భారత్‌కీ శ్రీలంకకీ మధ్య చూడండి. రామసేతు దగ్గర పెద్ద షిప్ ఒక్కటి కూడా కనపడదు. అక్కడ చాలా చోట్ల లోతు కొన్ని మీటర్లే. పెద్ద కంటైనర్ షిప్‌కి 14, 15, 16 మీటర్ల నీళ్ళు కావాలి. అందుకే ముంబై నుంచి వైజాగ్ రావాలన్నా షిప్ శ్రీలంక మొత్తం చుట్టి రావాల్సిందే. మన తూర్పు తీరం నుంచి యూరప్ వెళ్ళాలన్నా దారి శ్రీలంక కిందనుంచే. ఎలాగూ ఆ ఇంటి ముందు నుంచే వెళ్తున్నాం కాబట్టి అక్కడ బండి మారడం సులువు.

అయితే ఒక్క మాట. స్థలం మంచిదైతే చాలు, షిప్పులు వాటంతట అవే వచ్చేస్తాయి అనుకోవద్దు. దానికి సాక్ష్యం కూడా శ్రీలంకలోనే ఉంది, పేరు హంబన్‌టోట. 2010లో తెరిచారు. కొలంబో కన్నా ఆ షిప్పుల దారికి ఇంకా దగ్గర. అయినా ఏళ్ళ తరబడి కంటైనర్ షిప్పులు కొలంబోకే వెళ్ళాయి. చివరికి 2017లో హంబన్‌టోటని చైనా కంపెనీకి 99 ఏళ్ళ లీజుకి ఇచ్చారు.

కొలంబోకి ఎందుకు వెళ్ళాయి? ఎందుకంటే ఫీడర్ షిప్పులు అక్కడికే వస్తున్నాయి. ఫీడర్లు అక్కడికే ఎందుకు వస్తున్నాయి? మదర్ షిప్పులు అక్కడే ఆగుతున్నాయి కాబట్టి. జనం ఎక్కువున్న హోటల్‌కే జనం వెళ్తారు, అలా అన్నమాట. ఒకసారి జంక్షన్ అయితే దాన్ని కదిలించడం కష్టం. పైగా కొలంబో వాళ్ళు ఖాళీగా కూర్చోలేదు. షిప్పులు పెద్దవవుతున్నాయని చూసి సముద్రంలోకి కొత్త గోడ కట్టి, 18 మీటర్ల లోతుతో కొత్త హార్బర్ తయారు చేసుకున్నారు. 2013లో అక్కడ చైనా మర్చంట్స్ కంపెనీ మెజారిటీ వాటాతో మొదటి టెర్మినల్ పనిలోకి వచ్చింది.

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక కంటైనర్ షిప్ గుద్ది వంతెన మొత్తం కూలిపోయిన వీడియో మీ అందరూ చూసే ఉంటారు. ఆ షిప్ పేరు డాలి. సిబ్బందిలో ఒక్కరు తప్ప అందరూ భారతీయులే, అది వార్తల్లో బాగా వచ్చింది. చాలామంది గమనించనిది, అది బయల్దేరింది కొలంబోకి. అమెరికా తూర్పు తీరం నుంచి నేరుగా కొలంబో! అదే కనెక్టివిటీ అంటే.

మరి మన సంగతి?

మన దగ్గర సరుకు లేదా? బోలెడంత ఉంది. 2018లో కొలంబో సుమారు 70 లక్షల టీఈయూలు చూసింది. భారత్ పోర్టులన్నీ కలిపితే అప్పటికే దానికి రెట్టింపు పైన. సమస్య ఎక్కడంటే, ఆ సరుకంతా ఒక చోట లేదు. మనది ఏడున్నర వేల కిలోమీటర్లకు పైగా తీరం. పడమర ముంద్రా, నవా షేవా, కొచ్చి. తూర్పున తూత్తుకుడి, చెన్నై, వైజాగ్, కోల్‌కతా. నవా షేవాలో దిగిన పెట్టెకీ వైజాగ్‌లో ఎక్కే పెట్టెకీ సంబంధమే లేదు. 2018-19లో మన పెద్ద పోర్టు నవా షేవా చూసింది సుమారు 51 లక్షల టీఈయూలు. అంటే అప్పట్లో మన దేశంలో ఏ ఒక్క పోర్టూ కొలంబోతో సమానం కాదు.

జంక్షన్ మనమే కట్టుకుందాం అని ప్రయత్నించలేదా? ప్రయత్నించాం. 2011 ఫిబ్రవరిలో కొచ్చి దగ్గర వల్లార్‌పాడంలో దేశంలోనే మొదటి ట్రాన్స్‌షిప్‌మెంట్ టెర్మినల్ తెరిచారు. అనుకున్నంత సాగలేదు. కారణాల్లో ఒకటి లోతు. కొచ్చి హార్బర్‌లోకి వచ్చే కాలువలో ఒండ్రు పేరుకుంటుంది, ఏడాది పొడవునా తవ్వుతూనే ఉండాలి, దానికి ఖర్చు.

ఇంకో కారణం మనం రాసుకున్న రూలే. మన దేశంలో ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి సరుకు మోయాలంటే భారతీయ షిప్పులకే మొదటి హక్కు. విదేశీ షిప్ అయితే లైసెన్స్ కావాలి. దీన్ని కాబొటాజ్ అంటారు. మన షిప్పులకి పని ఉండాలని పెట్టిన రూల్, ఉద్దేశం మంచిదే. కానీ ఏమైందో చూడండి. వైజాగ్ నుంచి కొచ్చికి పెట్టె పంపాలంటే ఉన్నవి కొన్ని షిప్పులే. వైజాగ్ నుంచి కొలంబోకి పంపాలంటే ఏ దేశం షిప్ అయినా సరే, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. పోటీ ఎక్కువున్న చోట రేటు తక్కువ. కాబట్టి మన పెట్టెలు మన పోర్టుని దాటుకుని పక్క దేశానికి వెళ్ళాయి. 2018 మే నెలలో ట్రాన్స్‌షిప్‌మెంట్ పెట్టెలకీ ఖాళీ పెట్టెలకీ ఈ రూల్ సడలించారు. అప్పటికి వల్లార్‌పాడం తెరిచి ఏడేళ్ళయింది.

కొలంబోలో ఉన్న పెట్టెలు ఎవరివి?

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తున్నాను. కొలంబోలో దిగే పెట్టెల్లో చాలా ఎక్కువ భాగం, ఎనభై శాతం అటూఇటూ, శ్రీలంకవి కావు. ఒక షిప్ దిగి ఇంకో షిప్ ఎక్కేవి. వాటిలో పెద్ద వాటా మనదే. మన కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం, భారత్‌కి చెందిన ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకులో సుమారు 75 శాతం విదేశీ పోర్టుల్లోనే చేతులు మారేది. అందులో 85 శాతానికి పైగా కొలంబో, సింగపూర్, మలేషియాలోని క్లాంగ్, ఈ మూడింట్లోనే. ఒక్క కొలంబోకే సుమారు 45 శాతం. ఇది మన పోర్టుల్లోనే జరిగితే ఏటా 20 నుంచి 22 కోట్ల డాలర్లు మిగులుతాయని కూడా చెప్పారు.

అంటే శ్రీలంకకి వచ్చిన ఆ 72లో మన రొయ్యలున్నాయి, మన మిర్చి ఉంది, మన బట్టలున్నాయి. ఈ రెండు దేశాలూ రెండు వేరు వేరు టీములు అనుకుని స్కోరు చూశాం ఇందాక. నిజానికి ఒక టీమ్ స్కోరులో రెండో టీమ్ కొట్టిన రన్స్ కూడా ఉన్నాయి.

అలాగని శ్రీలంకది గాలివాటం అని నేను అనడం లేదు. 2022లో ఆ దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు, మందులు లేవు. ఆ ఏడాది కూడా కొలంబో పోర్టు 68 లక్షలకు పైగా టీఈయూలు చూసింది. ఎందుకంటే సరుకు వాళ్ళది కాదు, ఆగదు. పైగా దీనివల్ల అక్కడి గార్మెంట్ ఫ్యాక్టరీ వాళ్ళకీ టీ వ్యాపారులకీ ఒక లాభం. అంత చిన్న దేశం సొంత సరుకు కోసం అంత పెద్ద షిప్పులు వచ్చేవి కావు. మన పెట్టెల కోసం వచ్చిన షిప్‌లోనే వాళ్ళ పెట్టె కూడా ఎక్కి నేరుగా వెళ్ళిపోతుంది, ఎక్కడా మారక్కర్లేదు.

స్పీడ్ వేరు, కనెక్షన్ వేరు

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. "మన పోర్టులు స్లో కాబట్టి షిప్పులు రావడం లేదు" అని. వరల్డ్ బ్యాంక్ ఇంకో ర్యాంకింగ్ ఇస్తుంది, పోర్టులో షిప్ ఎంత సేపు ఆగాల్సి వస్తోందో చూసి. 2023 లిస్టులో వైజాగ్ ఎంతో తెలుసా? ప్రపంచంలో 19వ స్థానం. అంతకు ముందు ఏడాది 115. మనం నిజంగా గర్వపడాల్సిన విషయం ఇది.

కానీ ఆ ర్యాంక్ నా ఫ్రెండ్ పెట్టెని యూరప్‌కి నేరుగా తీసుకెళ్ళలేదు. వచ్చిన షిప్‌కి త్వరగా పని చేసి పంపించడం స్పీడ్. ఎన్ని షిప్పులు వస్తున్నాయి, ఎక్కడెక్కడికి వెళ్తున్నాయి అన్నది కనెక్షన్. మీ ఊళ్ళో బస్టాండ్ అద్దంలా ఉండొచ్చు, టికెట్ నిమిషంలో ఇవ్వొచ్చు. హైదరాబాద్‌కి డైరెక్ట్ బస్ లేకపోతే మారాల్సిందే కదా.

వైజాగ్ పెట్టెలన్నీ కొలంబో మీదుగానే వెళ్తాయని అనుకోకండి. సింగపూర్ వైపు మారేవి ఉన్నాయి, నేరుగా వెళ్ళే సర్వీసులూ ఉన్నాయి. కానీ మారాల్సి వచ్చిన ప్రతిసారీ మూడు ఖర్చులు పడతాయి. ఒకటి, రెండుసార్లు క్రేన్‌తో దించి ఎక్కించే డబ్బు. రెండు, అక్కడ ఎదురు చూసే రోజులు. మూడోది బిల్లులో కనపడదు, కనెక్షన్ తప్పుతుందేమో అన్న భయం. ఆ భయంతో ఎక్స్‌పోర్టర్ ముందుగానే వారం ఎక్కువ వేసుకుంటాడు. వారం ఎక్కువంటే వడ్డీ. ఆ వడ్డీ చివరికి చెరువు గట్టు మీద చెప్పే కౌంట్ రేటులోనే సర్దుకుంటుంది.

తమాషా ఏంటంటే, సముద్రమే లేని తెలంగాణకి కొన్నిసార్లు దారి సులువు. హైదరాబాద్ సనత్‌నగర్‌లో రైల్వే వాళ్ళ కంపెనీ కాంకర్‌కి కంటైనర్ డిపో ఉంది. కస్టమ్స్ పని అక్కడే అయిపోతుంది. అక్కడి నుంచి రైల్లో నవా షేవా వెళ్ళిన పెట్టె యూరప్ షిప్‌ని అక్కడే పట్టుకోవచ్చు, మధ్యలో కొలంబో లేకుండా. కనెక్టివిటీ అంటే సముద్రం పక్కనుండటం కాదు అని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు ఏం మారుతోంది?

2018 తర్వాత చాలా జరిగింది. ముంద్రా 2023-24లో 74 లక్షల టీఈయూలు దాటింది. అంటే మన దేశంలోనూ ఇప్పుడు కొలంబో సైజు పోర్టు ఉంది. కేరళలో తిరువనంతపురం దగ్గర విళింజం వచ్చింది. అక్కడ సహజంగానే 18 నుంచి 20 మీటర్ల లోతు, కొచ్చి లాగా తవ్వుకుంటూ కూర్చోనక్కర్లేదు. అంతర్జాతీయ షిప్పుల దారి పది నాటికల్ మైళ్ళ దూరంలోనే. 2024 జూలైలో మొదటి మదర్ షిప్ వచ్చింది, 2025 మే 2న ప్రధాని జాతికి అంకితం చేశారు. జూన్‌లో ఎంఎస్‌సీ ఐరీనా వచ్చి ఆగింది. 24,346 టీఈయూలు మోసే షిప్ అది, ప్రపంచంలోనే అతి పెద్ద వాటిలో ఒకటి. ఇంకోపక్క మహారాష్ట్రలో వాధవన్ పోర్టుకి 2024 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది.

కొలంబో కూడా ఊరుకోలేదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ వెస్ట్ టెర్మినల్ మొదలైంది. అందులో మెజారిటీ వాటా ఎవరిది? అదానీ పోర్ట్స్‌ది. విళింజం నడిపేది కూడా వాళ్ళే. అంటే "మన పోర్టు, వాళ్ళ పోర్టు" అనే గీత మనం అనుకున్నంత స్పష్టంగా లేదు.

ఇప్పుడు స్కోరులో ఐదో అంశం గుర్తు చేసుకోండి. దేశానికి వచ్చే సర్వీసుల్లో అన్నింటికన్నా పెద్ద షిప్పులు నడిపేదాని సగటు సైజు ఎంత? ఐరీనా లాంటి పెద్ద షిప్పులు నడిపే సర్వీసు విళింజం వస్తే ఆ మార్కులు భారత్ మొత్తానికి పడతాయి. పేపర్లో హెడ్డింగ్ వస్తుంది, మనం వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటాం. కానీ వైజాగ్ నుంచి బయల్దేరే పెట్టెకి? రేపు అది కొలంబో బదులు విళింజంలో మారొచ్చు. డబ్బు మన దేశంలో ఉంటుంది, అది మంచిదే. మారడం మాత్రం తప్పదు. ఫీడర్ లేటైతే కొలంబోలో కూర్చున్నట్టే విళింజంలోనూ కూర్చుంటుంది.

అందుకే నేను చెప్పేది ఇదీ. శ్రీలంక స్కోరు చూస్తే ఇంచుమించు ఒక్క పోర్టు స్కోరు చూసినట్టే. కొలంబోలో వ్యాపారం చేసేవాడికి ఆ అంకె నిజం. భారత్ స్కోరు అలా కాదు. ముంద్రాలో ఉన్నవాడికి అది తక్కువ చూపిస్తుంది, తూర్పు తీరంలో ఉన్నవాడికి ఎక్కువ చూపిస్తుంది. క్లాస్ యావరేజ్ 60 వచ్చిందంటే మీకు 60 వచ్చినట్టు కాదు కదా. అంక్టాడ్ వాళ్ళు పోర్టుల వారీగా కూడా స్కోరు ఇస్తారు. మనలాంటి వాళ్ళు చూడాల్సింది అది.

ఈసారి ఏ నాయకుడైనా "మన తీరంలో కొత్త పోర్టు కడతాం" అంటే బెర్తులు ఎన్ని, ఎన్ని వేల కోట్లు అని మాత్రమే వినకండి. ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. వారానికి ఎన్ని షిప్పులు వస్తాయి? ఎన్ని కంపెనీలు వస్తాయి? మారకుండా ఎన్ని దేశాలకి వెళ్తాయి? ఈ మూడింటికి జవాబు లేకపోతే గోడలు కట్టొచ్చు, క్రేన్లు పెట్టొచ్చు, హంబన్‌టోటలోనూ కట్టారు. షిప్ వచ్చేది సరుకు ఒక చోట పోగైనప్పుడు. గుంటూరు మిర్చి, గోదావరి జిల్లాల రొయ్యలు, హైదరాబాద్ మందులు తలా ఒక పోర్టుకి వెళ్తున్నంత కాలం ఏ పోర్టుకీ డైరెక్ట్ సర్వీస్ నిలబడటం కష్టం.

నా ఫ్రెండ్ సంగతి చెప్పలేదు కదూ. పన్నెండో రోజు పెట్టె కదిలింది. స్క్రీన్‌షాట్ మళ్ళీ పంపించాడు, "ఎక్కేసింది రా" అని, పక్కన దండం పెట్టిన ఎమోజీ. కొనుక్కున్నవాడు సరుకు తీసుకున్నాడు, కాకపోతే ఆలస్యానికి కొంత కోత పెట్టాడు. ఆ కోత ఎవరి ఖాతాలోకి వెళ్ళిందని అడిగితే, "నీకు తెలుసు కదా" అన్నాడు.

మీలో ఎవరైనా పోర్టులో, షిప్పింగ్ ఆఫీసులో, కోల్డ్ స్టోరేజ్‌లో పని చేస్తుంటే మీ పెట్టె ఏ దారిలో వెళ్తుందో, ఎన్ని రోజులు పడుతుందో కామెంట్‌లో రాయండి. మీ ఇంట్లో చెరువులున్నా, మిర్చి వేసినా, ఈ ఎపిసోడ్ ఇంట్లో వాళ్ళకి చూపించండి. రేటు ఎందుకు తగ్గిందో చెప్పే కారణాల్లో ఇదీ ఒకటని తెలుస్తుంది. మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి.